దగ్గరికి జరిగితే గాలి తగ్గించాలి

ప్రశ్న: చాలా ఏళ్లుగా చేతి బ్రష్‌తోనే మోడల్ విమానాలకు రంగులు వేస్తున్నాను. ఈమధ్యే గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొన్నాను. డబుల్ యాక్షన్, 0.3 మి.మీ. నీడిల్, కంప్రెసర్‌కు ట్యాంకు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధ విమానం మెసర్‌ష్మిట్ బీఎఫ్ 109 జీ-6, 1/48 సైజు మోడల్ మీద మొదలుపెట్టాను. మిస్టర్ హాబీ ఆక్వియస్ రంగుల్లో నీళ్లు కలిపి, 25 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర కొట్టాను. అడుగున లేత నీలం పర్వాలేదు. రెక్కల పైన బూడిద రంగులు మాత్రం చేత్తో తడిమితే గరుకుగా తగులుతున్నాయి. ఆ తర్వాత విమానం పక్కల మీద కామోఫ్లాజ్ మచ్చలు వేయబోతే మొత్తం చెడింది. రంగు చిట్లింది, ఒక్కో మచ్చ నుంచి నాలుగు వైపులా కాళ్లు పారాయి. మధ్యమధ్యలో రంగు ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే ఒక్కసారిగా చిమ్ముతుంది. నా చెయ్యే సరిగ్గా లేదేమోనని టెన్షన్‌గా ఉంది. ఎంత పీఎస్‌ఐ, ఎంత థిన్నర్ (రంగును పలచబరిచే ద్రవం) అన్నది కచ్చితంగా చెప్పండి. మచ్చల కోసం 0.2 నీడిల్ కొనాలా? ఈ మోడల్‌కు వేసిన రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా?

సమాధానం: మీ చెయ్యి బాగానే ఉంది. చెయ్యి వణికితే మచ్చ వంకరగా వస్తుంది, కాళ్లు మాత్రం పారవు. మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులున్నాయి, రెండూ ఒకదానికొకటి ఎదురు. రెక్కల మీద రంగు మరీ పొడిగా పడింది, పక్కల మీద మరీ తడిగా పడింది. మీరు చెప్పినదాన్ని బట్టి కలిపిన తీరు అదే, గాలి అదే. మారింది దూరం. రెక్కలకు కాస్త జంకుతూ దూరం నుంచి కొట్టి ఉంటారు. మచ్చలు చిన్నవిగా రావాలి కాబట్టి పక్కల దగ్గరికి వచ్చేసరికి నాజిల్‌ను బాగా దగ్గరికి తెచ్చారు. దూరం మార్చారు, మిగతావేవీ మార్చలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నాజిల్ నుంచి బయటికి వచ్చే తుంపర ప్లాస్టిక్‌ను చేరేలోపే ఎండడం మొదలవుతుంది. దూరం పెరిగేకొద్దీ, గాలి జోరు పెరిగేకొద్దీ చుక్కలు దారిలోనే సగం ఎండిపోయి, చిన్న చిన్న గట్టి గింజలుగా అతుక్కుంటాయి. మీ వేలికి తగిలే గరుకు అదే. దగ్గరికి వచ్చినప్పుడు చుక్కలకు ఎండే సమయం ఉండదు. రంగు తడిగానే చేరుతుంది, వెనకాలే వచ్చే గాలి దాన్ని కుదురుగా ఉండనివ్వకుండా పక్కలకు తోస్తుంది. 25 పీఎస్‌ఐ గాలి రెండు సెంటీమీటర్ల నుంచి తగిలితే ఏ తడి రంగైనా పారిపోవాల్సిందే. అందుకే దగ్గరికి జరిగిన ప్రతిసారీ గాలి తగ్గాలి, రంగు ఇంకా పలచబడాలి, ట్రిగ్గర్ చాలా కొద్దిగా కదలాలి. ఈ మూడూ కలిసే మారతాయి. మీరు అడిగిన కచ్చితమైన అంకె ఎవరూ ఇవ్వలేకపోవడానికి కారణం ఇదే. ఇచ్చినా అది ఒక దూరానికే సరిపోతుంది.

ముందు నీళ్ల సంగతి. ఆక్వియస్ రంగుల్లో నీళ్లు కలుస్తాయి, ఆ మాట నిజమే. చేతి బ్రష్‌కు దానితో పని నడుస్తుంది కూడా. ఎయిర్‌బ్రష్‌కు మాత్రం నీళ్లు వద్దు. నీటి తలతన్యత ఆల్కహాల్‌తో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. అంటే నీళ్లు ఎక్కువగా ఉన్న రంగు ప్లాస్టిక్ మీద పరుచుకోకుండా బొట్లుగా ముడుచుకుంటుంది. పైగా నెమ్మదిగా ఆరుతుంది. బొట్టుగా ముడుచుకున్న తడి రంగు, దాని మీద జోరుగా గాలి: కాళ్లు పారడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకొకటి ఉండదు. ఆ రంగుల కంపెనీ అమ్మే ఆక్వియస్ థిన్నరే వాడండి. వాసన భరించగలిగి, గాలి బయటికి పోయే ఏర్పాటు ఉంటే మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్ ఇంకా బాగుంటుంది. అది ఘాటైన రసాయనాల లాకర్ థిన్నరే, కానీ అందులో ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం ఉంటుంది. రంగు పడ్డాక ఒకదానితో ఒకటి కలిసి సమంగా పరుచుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. తమియా అక్రిలిక్ రంగులకూ ఇది పనికొస్తుంది. వయేహో లాంటి నీటి ఆధారిత రంగుల్లో మాత్రం లాకర్ థిన్నర్ కానీ ఆల్కహాల్ థిన్నర్ కానీ కలపకండి. రంగు కప్పులోనే జిగురు ముద్దయి, నాజిల్ నుంచి దాన్ని తవ్వి తీయాల్సి వస్తుంది.

ఇక అంకెలు. వీటిని మొదలుపెట్టే చోటుగా తీసుకోండి, శాసనంగా కాదు. రెక్కల్లాంటి పెద్ద భాగాలకు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల దూరం, 15 నుంచి 18 పీఎస్‌ఐ, ఒక పాలు రంగుకు ఒక పాలు లేదా ఒకటిన్నర పాళ్లు థిన్నర్. మచ్చలకు ఒకటి రెండు సెంటీమీటర్ల దూరం, 8 నుంచి 12 పీఎస్‌ఐ, ఒక పాలు రంగుకు రెండు లేదా మూడు పాళ్లు థిన్నర్. మీ మీటరు మీద బార్ లెక్క ఉంటే 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటి ఉంది. ట్రిగ్గర్ వదిలేసినప్పుడు మీటరు చూపే అంకె వేరు, గాలి పోతున్నప్పుడు చూపే అంకె వేరు. నొక్కగానే ముల్లు మూడు నాలుగు పాయింట్లు పడిపోవడం మామూలే. కాబట్టి ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, గాలి పోతుండగా రెగ్యులేటర్ తిప్పి సరిచేసుకోండి. లేకపోతే మీరు 12 అనుకుంటున్నది నిజానికి 8 కావచ్చు. ఆ తేడా మచ్చల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పలచన ఎంత ఉండాలని ఎవరినడిగినా పాలలా ఉండాలంటారు. వినడానికి బాగుంటుంది కానీ, ఆ మాట పట్టుకుని పని చేయడం కష్టం. కంటికి కనిపించే పరీక్ష ఒకటుంది. రంగును, థిన్నర్‌ను చిన్న గిన్నెలో చుక్కల లెక్కన విడిగా కలపండి, నేరుగా కప్పులో కలపకండి. గిన్నెను ఒక పక్కకు వంచి మళ్లీ నిలబెట్టండి. గోడ మీద రంగు మందంగా అంటుకుని కదలకుండా ఉండిపోతే ఇంకా చిక్కగా ఉన్నట్టు. నీళ్లలా జారిపోయి గోడ అడుగు బోడిగా కనిపిస్తే మరీ పలచన. గోడకు పలచని పొర అంటి, నెమ్మదిగా కిందికి జారుతూ, వెనకాల లేత రంగు మిగిల్చితే రెక్కలకు సరిపోతుంది. మచ్చలకు ఇంకా పలచగా కావాలి. గోడ మీద మిగిలిన రంగులోంచి గిన్నె రంగు తొంగిచూడాలి. ఇంత పలచన రంగు మొదటి విసురులో దాదాపు ఏమీ పడనట్టే అనిపిస్తుంది, కంగారు పడకండి. మచ్చ ఒక్కసారికి పుట్టదు. మూడు నాలుగు సార్లు అదే చోట తిరిగితే మెల్లగా తేలుతుంది. కప్పులో రంగు పోసే ముందు ఒకటి రెండు చుక్కల థిన్నర్ వేసుకుంటే, నాజిల్ కొసలో చిక్కటి రంగు ఇరుక్కోకుండా ఉంటుంది.

ట్రిగ్గర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు రాసిన ఆ చిమ్మడం చాలావరకు అక్కడి నుంచే వస్తోంది. డబుల్ యాక్షన్‌లో కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఇది మీకు తెలుసు. ఆపేటప్పుడు మీ వేలు ఏం చేస్తుందో ఒకసారి గమనించండి. చేతి బ్రష్ అలవాటున్నవాళ్లు మచ్చ అయిపోగానే వేలు పైకి ఎత్తేస్తారు. అప్పుడు గాలి ఠక్కున ఆగుతుంది. నీడిల్ ఇంకా వెనకే ఉంటుంది, నాజిల్ తెరుచుకునే ఉంటుంది, ఒక బొట్టు రంగు కొసకు చేరి కూర్చుంటుంది. తర్వాతి సారి గాలి నొక్కగానే ఆ బొట్టు మొత్తం ఒక్క దెబ్బతో మోడల్ మీదికి ఎగురుతుంది. కాబట్టి ముందు గాలి తెరవాలి, తర్వాత రంగు లాగాలి. ఆపేటప్పుడు ముందు ట్రిగ్గర్‌ను పూర్తిగా ముందుకు తోసి రంగు మూయాలి, ఆ తర్వాతే గాలి వదలాలి. మచ్చలు వేస్తున్నంతసేపూ అసలు గాలి ఆపకండి. ఒక మచ్చ నుంచి ఇంకో మచ్చకు వెళ్లేటప్పుడు గాలి పోతూనే ఉండాలి, రంగు మాత్రం మూసుకుని తెరుచుకుంటుండాలి. మీ ఎయిర్‌బ్రష్ తోక దగ్గర చిన్న మర ఉంటే, నీడిల్ ఎంత వెనక్కి రావచ్చో అది కట్టడి చేస్తుంది. మచ్చలకు దాన్ని బాగా బిగించి పెట్టుకోండి. వేలు పొరపాటున ఎక్కువ లాగినా రంగు ఎక్కువ రాదు. నేర్చుకునేవాళ్లు ఈ మర వాడకూడదనే పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్ల మాట వినక్కర్లేదు.

సాధన కాగితం మీద మొదలుపెట్టవచ్చు, కానీ అక్కడే ఆగిపోతే మోసపోతారు. కాగితం తడిని పీల్చేస్తుంది, కాళ్లు పారే రంగు కూడా కాగితం మీద బుద్ధిగా కనిపిస్తుంది. ట్రిగ్గర్ అలవాటు కావడానికి కాగితం, రంగు అలవాటు కావడానికి ప్లాస్టిక్. పనికిరాని పాత మోడల్ ఏదైనా ఉంటే దాని ఫ్యూజలాజ్‌కు (విమానం మొండేనికి) ప్రైమర్ అనే అడుగు పూత, దాని మీద లేత నీలం కొట్టి పెట్టుకోండి. అసలు మచ్చలు పడేది గుండ్రటి పక్క మీద కాబట్టి చదును ప్లాస్టిక్ కంటే అదే మంచిది. వరసగా చుక్కలు పెట్టండి, పెన్సిల్ మొన అంత చుక్క వచ్చేదాకా. తర్వాత రెండు చుక్కలను కలుపుతూ గీతలు. సన్నని గీత మొదట్లోనూ చివరలోనూ ముద్ద కట్టకుండా వచ్చిందంటే వేలు దారిలో పడినట్టే. ఒక చోట ఒక్కటే మార్చండి: గాలి 12 దగ్గర ఉంచి పలచన మార్చడం, లేదా పలచన ఉంచి గాలి మార్చడం. ప్రతి ప్రయత్నం పక్కన మార్కర్‌తో ఎంత గాలి, ఎన్ని చుక్కల థిన్నర్ అని ప్లాస్టిక్ మీదే రాసుకోండి. రెండూ ఒకేసారి మార్చి, బాగా వచ్చాక ఎందుకు వచ్చిందో తెలియక మర్నాడు తల పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

మధ్యలో రంగు ఆగిపోవడం వేరే సంగతి. అక్రిలిక్ రంగు నీడిల్ కొస మీద ఎండుతూ ఉంటుంది. దగ్గరగా చూస్తే కొసకు చిన్న గింజ అంటుకుని కనిపిస్తుంది. అది దారికి అడ్డుపడుతుంది, మీరు ఇంకొంచెం లాగుతారు, గింజ ఊడుతుంది, రంగు చిమ్ముతుంది. థిన్నర్‌లో తడిపిన ఇయర్ బడ్‌ను పక్కనే పెట్టుకుని, రెండు మూడు నిమిషాలకోసారి గాలి, రంగు రెండూ మూసి, కొసను ముందువైపుకు సుతారంగా తుడవండి. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ఒకటి రెండు చుక్కలు కలిపినా ఈ బాధ తగ్గుతుంది. కప్పులో బుడగలు కూడా వస్తుంటే అది కొసది కాదు. నాజిల్ సరిగ్గా కూర్చోక, లేదా నాజిల్‌కు పగులు వచ్చి, గాలి వెనక్కి కప్పులోకి తన్నుతోంది. నాజిల్‌ను తీసి తుడిచి మళ్లీ పెట్టండి. బిగించేటప్పుడు మాత్రం వేళ్లతో తగిలేంత బిగింపు చాలు. ఆ చిన్న మరను బలంగా తిప్పితే లోపలే విరుగుతుంది.

రంగు మార్చినప్పుడల్లా కప్పు ఖాళీ చేసి, థిన్నర్ పోసి, తెల్ల కాగితం మీద మరక లేకుండా వచ్చేదాకా కొట్టండి. పని ముగిశాక నీడిల్ తీసి తుడవండి, నాజిల్ లోపల చూడండి. నీడిల్ కొస దేనికీ తగలనివ్వకండి. కొస వెంట్రుకంత వంగినా తుంపర ఒక పక్కకు పోతుంది. అప్పుడు గాలిలోనూ థిన్నర్‌లోనూ తప్పు వెతుకుతూ కూర్చుంటారు.

ఇప్పుడు మచ్చలు. ఒక చిన్న లెక్క వేసుకోండి: 1/48 సైజులో మోడల్ మీద 1 మి.మీ. అంటే అసలు విమానం మీద 4.8 సెం.మీ. మీరు మోడల్ మీద ఒక సెంటీమీటరు మచ్చ పెడితే అసలు విమానం మీద అది దాదాపు అర మీటరు. ఐదు మి.మీ. మచ్చ అంటే 24 సెం.మీ., ఇది నమ్మదగ్గ సైజు. మచ్చ అంచు చుట్టూ పడే తుంపరకూ ఇదే లెక్క. మోడల్ మీద 2 మి.మీ. మెత్తటి అంచు అంటే అసలు విమానం మీద దాదాపు పది సెంటీమీటర్లు. అందుకే తుంపర విచ్చలవిడిగా పరుచుకుంటే మోడల్ బొమ్మలా కనిపిస్తుంది. ఫొటోలు చూసి వేయండి, మోడల్ పెట్టె మీది బొమ్మ చూసి కాదు. జీ-6ను 1943 నుంచి రీగెన్స్‌బర్గ్‌లోని మెసర్‌ష్మిట్, లైప్‌జిగ్‌లోని ఎర్లా, వీనర్ నాయ్‌స్టాట్ ఫ్యాక్టరీలు తయారుచేశాయి. ఒక్కో చోట మచ్చల తీరు ఒక్కోలా ఉండేది. దానికి తోడు వాడుకలో ఉన్న విమానాలకు మెకానిక్‌లు మళ్లీ మళ్లీ రంగు పూసేవాళ్లు. కాబట్టి మీరు ఎంచుకున్న ఒక్క విమానం ఫొటో ఏం చూపిస్తే అదే మీకు ప్రమాణం.

వేసే క్రమం ఇది: ముందు పక్కలకూ అడుగుకూ లేత నీలం ఆర్‌ఎల్‌ఎం 76 (ఇవి నాటి జర్మన్ విమానయాన శాఖ రంగులకు ఇచ్చిన నంబర్లు), తర్వాత రెక్కల మీద, వీపు మీద బూడిద రంగు 75, దాని మీద ముదురు బూడిద 74 పట్టీలు. మచ్చలు అన్నిటికంటే చివర. మచ్చలకు 74, 75, చాలా వాటిలో 02 కూడా వాడారు. 75తో లేతగా మొదలుపెట్టి, ఆ తర్వాత అక్కడక్కడ 74తో గట్టి చేయండి. ప్రతి మచ్చనూ మోడల్ బయట, చేతిలోని కాగితం ముక్క మీద ఒక విసురు కొట్టి చూసి మొదలుపెట్టండి. కాగితం మీద చిమ్మితే మోడల్ మీద చిమ్మనట్టే. వేసేటప్పుడు చెయ్యి ఒక చోట ఆగకూడదు. చిన్న సున్నా చుట్టినట్టు తిరుగుతూ ఉండాలి. తడి మెరుపు కనిపించిందా, వెంటనే పక్కకు వెళ్లిపోండి. ఇంకో వైపు నాలుగు మచ్చలు వేసి వచ్చేసరికి మొదటిది ఆరి ఉంటుంది. మెరుస్తున్న రంగు మీద మళ్లీ కొట్టడం వల్లే కాళ్లు పారతాయి. పని మొత్తంలో మీరు కళ్లు పెట్టి చూడాల్సింది ఆ మెరుపునే. రెక్కల దగ్గర దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ రంగు పడ్డ క్షణంలో సన్నని తడి మెరుపు కనిపించి, రెండు మూడు సెకన్లలో పోవాలి. అసలు మెరుపే కనిపించకపోతే మీరు దూరంగా ఉన్నట్టు, లేదా రంగు చిక్కగా ఉన్నట్టు.

చెయ్యి గురించి మీ టెన్షన్ పూర్తిగా తీరడానికి ఒక మాట. రెండు మోచేతులూ బల్లకు ఆనించండి, ఎయిర్‌బ్రష్ పట్టుకున్న చేతి చిటికెన వేలిని మోడల్ పట్టుకున్న చేతికి తగిలించండి. రెండు చేతులూ కలిసే కదులుతాయి కాబట్టి దూరం మారదు. గాలి గొట్టాన్ని మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకోండి. కిందికి వేలాడే గొట్టం బరువు ఎయిర్‌బ్రష్‌ను లాగడం ఆగిపోతుంది. చెయ్యి వణుకుతోందని అనుకునేవాళ్లలో చాలామందికి నిజంగా వణుకు తెప్పించేది ఆ గొట్టమే.

మీరు అడగలేదు కానీ మాస్క్ సంగతి చెప్పకుండా వదలను. వాసన లేదు కదా అని అక్రిలిక్ తుంపరను పీల్చకండి. ఎండిన రంగు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వాసన ఉండడానికీ లేకపోవడానికీ దానితో సంబంధం లేదు. లెవెలింగ్ థిన్నర్‌కు మారితే మామూలు గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఆవిరిని ఆపవు. రసాయన ఆవిరులను పట్టే ఫిల్టర్ డబ్బాలున్న రెస్పిరేటర్ కావాలి, గాలి బయటికి పోయే కిటికీయో ఫ్యానో కావాలి. దగ్గరలో నిప్పు ఉండకూడదు. గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉన్న రోజున లాకర్ థిన్నర్ కలిపిన రంగు మీద తెల్లటి మసక వస్తుంది. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, దాని మీద తేమ పేరుకుంటుంది. అలాంటి రోజున మానుకోవడం మేలు. కంప్రెసర్‌కు తేమను పట్టే గిన్నె ఉంటే పని మొదలుపెట్టే ముందు దాన్ని ఖాళీ చేసుకోండి.

ఇక మీ చేతిలో ఉన్న 109. మొత్తం తీసేయక్కర్లేదు. డెకల్స్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తులు) ఇంకా వేయలేదనుకుంటున్నాను, ఉత్తరంలో ఆ మాట లేదు. నీళ్లు కలిపిన రంగు పూర్తిగా గట్టిపడడానికి రెండు మూడు రోజులు వదిలేయండి. రెక్కల గరుకును 2000 నంబరు నీటి ఎమరీ కాగితంతో, తడి చేసి, బరువు వేయకుండా రుద్దండి. గింజల తలలు పోతే చాలు, రంగును తొలచక్కర్లేదు. తర్వాత సరైన థిన్నర్‌తో పలచని పూత ఒకటి కొట్టండి. పక్కల మీద కాళ్లు పారిన చోట కూడా అంచులు వేలికి తగలకుండా ఇలాగే రుద్దాలి. ఆ మీద 76ను మచ్చల రంగంత పలచగా కలిపి, 10 పీఎస్‌ఐ దగ్గర, పాడైన మచ్చల మీద పొగలా పట్టించండి. అవి పూర్తిగా మాయం కావాలని పట్టుబట్టకండి. సగం మునిగిన పాత మచ్చలు కొత్త మచ్చల కింద కనిపిస్తే అది వాతావరణానికి పాతబడిన విమానంలా ఉంటుంది. బాగా వేయడం వచ్చినవాళ్లు కూడా మచ్చలు వేశాక వాటి మధ్య 76తో మళ్లీ తిరుగుతారు, అంచులను సరిచేసేది అలాగే.

ప్యానెల్ గీతలు పూడిపోయేంత మందంగా రంగు పేరుకుని ఉంటే మాత్రం తీసేయడమే నయం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఈ రంగులు వదిలిపోతాయి. కాక్‌పిట్ అద్దానికి దూరంగా ఉంచండి. ఎసిటోన్ వైపు మాత్రం చూడకండి, అది రంగుతో పాటు ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది. మళ్లీ వేసేటప్పుడు సబ్బునీళ్లతో కడిగి, మిస్టర్ సర్ఫేసర్ 1500 లాంటి ప్రైమర్ ఒక పలచని పూత కొట్టుకోండి. మీ ఉత్తరంలో ప్రైమర్ మాటే లేదు. నున్నటి ప్లాస్టిక్ మీద తడి రంగుకు పట్టు దొరకదు, తర్వాత మాస్కింగ్ టేప్ తీస్తే దానితో పాటే లేచి వస్తుంది. రంగులు అయ్యాక డెకల్స్‌కు ముందు మెరుపు క్లియర్ కోట్, తర్వాత మ్యాట్. అది వదిలేస్తే డెకల్ కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది.

ఇది పూర్తయ్యాక వెంటనే ఇంకో మచ్చల విమానం తీయకండి. పక్కల మచ్చలు ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం, మీరు అక్కడి నుంచి మొదలుపెట్టారు. తర్వాతి మోడల్ ఒకే రంగుది అయితే బాగుంటుంది. 1944 నుంచి అమెరికన్ నౌకాదళం హెల్‌క్యాట్, కోర్సెయిర్ లాంటి వాటికి ఒళ్లంతా వేసిన మెరిసే ముదురు నీలం అందుకు సరిగ్గా సరిపోతుంది. ఆ రంగు ఒక్క గింజనూ దాచదు. రెక్క చివరి నుంచి చివరి దాకా అది నున్నగా వచ్చిందంటే దూరం, పలచన మీకు పట్టుబడినట్టే. ఆ తర్వాత డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్ పట్టీలున్న 1940 నాటి స్పిట్‌ఫైర్. గోడకు పోస్టర్లు అంటించే మెత్తటి జిగురు ముద్దను సన్నని తాడులా చుట్టి రెండు రంగుల సరిహద్దు మీద పెట్టి, రెండో రంగును నేరుగా పైనుంచి కొడితే సన్నని మెత్తటి అంచు వస్తుంది. చేతి ఒడుపుతో పని లేకుండానే చక్కటి కామోఫ్లాజ్ దొరుకుతుంది.

0.2 నీడిల్ ఇప్పుడు వద్దు. 0.3తో 1/48 మచ్చలే కాదు, 1/72 మచ్చలూ వస్తాయి. 0.2 నాజిల్ ఇంకా త్వరగా పూడుకుంటుంది, రంగు ఇంకా పలచగా ఉండాలి, కొస ఇంకా సుకుమారం. ఇప్పుడు మీకున్న ఇబ్బందులన్నీ దానితో రెట్టింపవుతాయి. అదే డబ్బుతో సరైన థిన్నర్, ఒక రెస్పిరేటర్, మీ ఎయిర్‌బ్రష్‌కు సరిపోయే 0.3 నీడిల్ ఇంకొకటి కొనండి. ఆ నీడిల్ అవసరం ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా పడుతుంది.